తిథి మారిన తిరునాళ్ళు

పెళ్ళి ముహూర్తం మారిస్తే రెండిళ్ళ వాళ్ళకే ఇబ్బంది. తిరునాళ్ళ తేదీ మారిస్తే ఊరు ఊరంతా లేచి కూర్చుంటుంది. అప్పటికే చుట్టాలకు కార్డు ముక్కలు రాసేసి ఉంటారు, కొత్త అల్లుణ్ణి పిలిచేసి ఉంటారు, అరిసెలకు బియ్యం నానబోసేసి ఉంటారు. "ఎవరు మార్చమన్నారట?" అని మొట్టమొదట అడిగేది ఇంట్లో ఆడవాళ్ళే. సరిగ్గా ఇలాంటి గొడవే అమెరికాలో ఒక మోటారు కార్ల పందెం గురించి పన్నెండేళ్ళపాటు నడిచింది. పందెం ఎవరు గెలిచారని కాదు, పందెం ఎప్పుడు జరగాలని! కార్లు గిరగిరా తిరగడంలోని రసం నాకు అంతగా పట్టదు గానీ, ఈ తేదీల తగవు మాత్రం మహా రుచిగా అనిపించింది. అంచేత ఆ కథే చెబుతాను.

ముందు స్టాక్ కారు అంటే ఏమిటో చెప్పుకోవాలి. స్టాక్ అంటే కొట్లో అమ్మకానికి పెట్టిన సరుకు. కంపెనీవాడు నలుగురికీ అమ్మే కారునే కొనుక్కొచ్చి, పెద్ద మార్పులు చెయ్యకుండా పందెంలో పరిగెత్తించాలన్నది మొదట్లో రూలు. ఇప్పటి పందెం కార్లకీ కొట్లో కార్లకీ పైరూపంలో తప్ప చుట్టరికం లేదనుకోండి, పేరు మాత్రం మిగిలింది. ఈ పందేలకు పెద్ద దిక్కు నాస్కార్ అనే సంస్థ. 1948లో బిల్ ఫ్రాన్స్ అనే ఆయన ఫ్లోరిడాలోని డేటోనా బీచిలో దాన్ని పెట్టాడు. ఫిబ్రవరిలో మొదలెట్టి నవంబరు దాకా దాదాపు ప్రతి వారాంతం ఏదో ఒక ఊళ్ళో పందెం ఉంటుంది. ఒక్కో ఊరికి ఏడాదికి ఒక తేదీయో, రెండు తేదీలో దక్కుతాయి. హోటలు గదులు నిండినా, కాఫీ కొట్లు కళకళలాడినా ఆ రోజుల్లోనే.

దక్షిణ కరోలినా రాష్ట్రంలో డార్లింగ్టన్ అని ఒక చిన్న ఊరు ఉంది. పత్తి పండే ప్రాంతం. అక్కడ హెరాల్డ్ బ్రాసింగ్టన్ అనే ఆయన 1933లో ఇండియానాపొలిస్ వెళ్ళి, అక్కడి పెద్ద పందెం చూసి, మా ఊళ్ళోనూ ఇలాంటిది ఎందుకుండకూడదనుకున్నాడు. అనుకోవడం అందరూ అనుకుంటారు. ఆయన మాత్రం పదహారేళ్ళు ఆ మాట మనసులోనే పెట్టుకుని, 1949లో నిజంగానే తవ్వకాలు మొదలుపెట్టాడు. పొలం షెర్మన్ రామ్సే అనే ఆసామిది. ఆయన పొలం ఇవ్వడానికి ఒప్పుకున్నాడు గానీ, ఒక్క షరతు పెట్టాడు: పడమటి వైపున ఉన్న తన చిన్నచేపల చెరువు జోలికి రాకూడదన్నాడు. అవి గాలానికి గుచ్చే ఎర చేపలు. వాటి కోసం బాట ఒక కొసన సన్నగా మూసుకుపోయి, అచ్చం కోడిగుడ్డు ఆకారంలో తయారైంది. రెండు కొసలు రెండు రకాలు కావడంతో కారు ఒక మలుపుకి కుదిరితే రెండో మలుపుకి కుదరదు. గోడకు రాసుకోకుండా బయటపడ్డ కార్లు అరుదు. కారు కుడి పక్కన పడే ఆ గీతకి "డార్లింగ్టన్ చార" అని పేరే పెట్టారు. నల్లటి తారు పూత వల్ల ఆ బాటకి "నల్లదుస్తుల దొరసాని" అని మరో పేరు. మొగవాళ్ళు తమకు లొంగనిదాన్ని ఎందుకో ఆడపేరు పెట్టే పిలుస్తారు!

మొదటి పందెం 1950 సెప్టెంబరు 4న జరిగింది. సోమవారం. ఆ దేశంలో సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినం, దేశమంతటా సెలవు. వేసవికి అదే ఆఖరి పండగలాంటిది. ఆ తర్వాత ఇహ చదువులు, కొలువులు. ఐదువందల మైళ్ళ పందెం. డెబ్బై ఐదు కార్లు, వరసకు మూడేసి చొప్పున నిలబెట్టారు. పాతిక వేల మంది దాకా వచ్చిపడ్డారని చెబుతారు; బ్రాసింగ్టన్ అందులో సగం కూడా ఊహించలేదట. ఎండకి బాట వేడెక్కి టైర్లు పేలిపోవడం మొదలైంది. జానీ మాంట్జ్ అనే ఆయన తేలికైన ప్లిమత్ కారుకి గట్టి లారీ టైర్లు తగిలించుకొచ్చి, మిగతావాళ్ళు టైర్లు మార్చుకుంటూ ఆపసోపాలు పడుతుంటే, తను నింపాదిగా తిరుగుతూ గెలిచేశాడు. గంటకి డెబ్బై ఐదు మైళ్ళకి కాస్త అటూ ఇటూ వేగం. పందెం ముగిసేసరికి ఆరున్నర గంటలు పట్టింది. కుందేలు, తాబేలు కథ మోటార్లతో చెప్పినట్టుంది కదూ?

ఆ నాటినుంచి "సదరన్ ఫైవ్ హండ్రెడ్" అంటే కార్మిక దినం, కార్మిక దినం అంటే సదరన్ ఫైవ్ హండ్రెడ్. ఊళ్ళో ఊరేగింపు, అందాలపోటీ, బాట మధ్య మైదానంలో గుడారాలు, పొయ్యిల మీద మాంసాలు. ఆ చుట్టుపక్కల పల్లెలోనే పుట్టిన కేల్ యార్బరో అనే కుర్రాడు టిక్కెట్టు లేకుండా మొదటిసారి పందెం చూశాడు. కొన్నేళ్ళ తర్వాత వయసు ఎక్కువ చెప్పి ఆ పందెంలోనే కారు నడపబోతే పట్టుకుని బయటికి పంపేశారు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక, 1968 నుంచి 1982 లోపల, అదే పందెం ఐదుసార్లు గెలిచాడు. ఇలాంటివి ఉన్నప్పుడు అది పందెం అనిపించుకోదు, పుట్టింటి పండగ అనిపించుకుంటుంది. 1984లో సోమవారం నుంచి ముందు రోజు ఆదివారానికి జరిపారు. సెలవు వారాంతం అదే కనుక పండగ చెడలేదు.

అయితే ఈ పండగలో అందరికీ చోటుండేదని మాత్రం నేను అనను. పాత రోజుల్లో గెలిచినవాడి కారు మీదికి, బానిసత్వం కోసం పోరాడిన దక్షిణాది సైన్యపు వేషం వేసుకున్న మనిషి జెండా పట్టుకుని ఎక్కేవాడు. ఆ జెండాలు మైదానంలో గుడారాల మీద ఎన్నో ఏళ్ళు ఎగిరాయి. నల్లవాళ్ళ కుటుంబం ఒకటి పిల్లల్ని తీసుకుని ఆ మైదానంలోకి రావాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! 2020లో గానీ నాస్కార్ ఆ జెండాని నిషేధించలేదు. "మా సంప్రదాయం, మా రోజు" అని అభిమానులు అన్నప్పుడల్లా ఆ "మా"లో ఎవరున్నారు, ఎవరు లేరు అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

సరే, తగవులోకి వద్దాం. 2003 వేసవిలో నాస్కార్ ఒక ప్రకటన చేసింది. వచ్చే ఏడాది నుంచి కార్మిక దినపు పందెం డార్లింగ్టన్‌లో కాదు, కాలిఫోర్నియాలోని ఫాంటానాలో అని. అంటే దేశానికి ఈ కొస నుంచి ఆ కొసకి! కారణం సులువే. డార్లింగ్టన్ ఏడెనిమిది వేల జనాభా కూడా లేని ఊరు. ఫాంటానా లాస్ ఏంజిలిస్ పక్కన ఉంది. పాత ఉక్కు కర్మాగారం స్థలంలో 1997లో తెరిచిన కొత్త బాట, తొంభై వేల పైచిలుకు సీట్లు. ఆ రెండు బాటలూ ఫ్రాన్స్ కుటుంబం చేతిలో ఉన్న ఒకే కంపెనీవి. తన కుడిజేబులో సొమ్ము ఎడమజేబులో వేసుకుంటే అడిగేదెవరు? కానీ ఆ జేబులో ఉన్నది సొమ్ము కాదు, జనం యాభై మూడేళ్ళుగా దాచుకున్న సెలవు.

2003 ఆగస్టు 31న పాత తేదీకి ఆఖరి పందెం జరిగింది. టెర్రీ లబాంటీ అనే పెద్దాయన గెలిచాడు. 1980లో ఆయన జీవితంలో మొదటి గెలుపు ఇదే పందెంలో. ఇరవై మూడేళ్ళ తర్వాత ఆఖరి గెలుపూ ఇదే పందెంలో. కథకులు ఇలా రాస్తే సంపాదకులు అతికినట్టు లేదని తిప్పి పంపేస్తారు.

2004లో డార్లింగ్టన్‌కి కార్మిక దినం బదులు నవంబరు తేదీ ఇచ్చారు. అదీ కొత్తగా ముద్ర కొట్టింది కాదు, పొరుగున ఉత్తర కరోలినాలోని రాకింగ్‌హామ్ నుంచి తీసింది. ఆ రాకింగ్‌హామ్ బాట కట్టడంలోనూ బ్రాసింగ్టన్ చెయ్యి ఉంది! ఒక బిడ్డ కంచంలోది తీసి ఇంకో బిడ్డకి పెట్టినట్టయింది. ఆ పైన టెక్సస్‌లో కోర్టు కేసు ఒకటి. అక్కడి బాటకి రెండో తేదీ ఇస్తామని చెప్పి ఇవ్వలేదని, ఆ బాట గల కంపెనీలో ఒక వాటాదారు 2002లో దావా వేశాడు. 2004లో రాజీ కుదిరింది. రాకింగ్‌హామ్ బాటని పది కోట్ల డాలర్ల పైచిలుకుకి ఆ కంపెనీ కొనుక్కుని, దానికి మిగిలిన ఒక్క తేదీనీ టెక్సస్‌కి పట్టుకుపోయింది. 2005లో డార్లింగ్టన్ రెండు తేదీల్లో ఒకటి అరిజోనాలోని ఫీనిక్స్‌కి పోయింది. సదరన్ ఫైవ్ హండ్రెడ్ అన్న పేరు కూడా కొన్నాళ్ళు తీసేశారు. రాకింగ్‌హామ్‌లో 2004 ఫిబ్రవరిలో జరిగిన పెద్ద పందెంలో మొదటివాడికీ రెండోవాడికీ తేడా సెకనులో నూరో వంతు. అంత హోరాహోరీగా ఆడి ఆ ఊరు తెర దించింది.

అభిమానుల దగ్గర ఓట్లు లేవు, వాటాలు లేవు. వాళ్ళ చేతిలో ఉన్న మాట ఒక్కటే: రావడం, లేదా రాకపోవడం. ఫాంటానాలో ఏం జరిగిందంటే, జనం రాలేదు. అంటే బొత్తిగా రాలేదని కాదు. అన్ని వేల సీట్లున్న చోట ఖాళీలు టెలివిజన్‌లో కొట్టొచ్చినట్టు కనిపించేవి. సెప్టెంబరు ఎండ ఒకటి. ఏడాదికి రెండు పందేలు పెడితే ఒకే ఊరి జనం రెండు ముక్కలు కావడం ఇంకొకటి. అన్నిటికీ మించి, లాస్ ఏంజిలిస్ వాళ్ళకి కార్మిక దినం నాడు సముద్రపుటొడ్డు ఉంది, కొండలున్నాయి, సినిమాలున్నాయి. కరోలినా వాళ్ళేమో ఆ ఖాళీ సీట్లు చూపించి "చూశారా!" అన్నారు. ఉన్న కోపమంతా ఆ ఒక్క మాటలో పెట్టుకున్నారు.

డార్లింగ్టన్‌కి మిగిల్చిన ఒక్క తేదీ ఏదో తెలుసా? మే నెలలో మాతృదినోత్సవానికి ముందు రోజు రాత్రి! అప్పట్లో ఆ వారాంతాన్ని నాస్కార్ వాళ్ళు సాధారణంగా పందేలకి వాడుకునేవారు కాదు. అమ్మల రోజున కార్ల పందేనికి పోతానంటే ఏ ఇంట్లో ఊరుకుంటారు? అంచేత శనివారం రాత్రి దీపాల వెలుగులో పెట్టారు, ఆదివారం మధ్యాహ్నానికి అమ్మ దగ్గర భోజనానికి చేరుకోవచ్చని లెక్క. ఎవరికీ అక్కర్లేని రోజుని ఊరికి పడేశారని చాలామంది గింజుకున్నారు. కానీ 2005 మే పందేనికి టిక్కెట్లన్నీ అమ్ముడయ్యాయి. ఏళ్ళ తరబడి నిండని గ్యాలరీలు నిండాయి. తేదీ మీద అలిగినవాళ్ళు పందెం మీద అలగలేదు. ఉన్న ఒక్క పందెమూ పోతే ఇహ ఊరే ఉండదన్న భయం కూడా అందులో కలిసే ఉంటుందని నా అనుమానం. అమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళూ ఉండే ఉంటారు. ఒక పూట వంట తప్పితే ఏ తల్లి కాదంటుంది?

ఇటు ఫాంటానా కార్మిక దినాన్ని ఐదేళ్ళు మోసి దించేసింది. 2009 నుంచి ఆ తేదీ అట్లాంటాకి వెళ్ళింది. కనీసం దక్షిణాదికి వచ్చిందని కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరు "అట్లాంటా మాత్రం డార్లింగ్టనా?" అన్నారు. అదే ఏడు డార్లింగ్టన్‌లో పాత పేరు తిరిగొచ్చింది, మే నెలలో. పేరు ఒకచోట, తిథి ఒకచోట. 2014లో డార్లింగ్టన్‌ని ఇంకా వెనక్కి, ఏప్రిల్‌కి తోశారు. ఆ ఏడు ఆగస్టులోనే ప్రకటన వచ్చింది: వచ్చే కార్మిక దినం మళ్ళీ డార్లింగ్టన్‌దే.

2015 సెప్టెంబరు 6న జరిగిన ఆ పందెం ఫొటోలు చూస్తే నవ్వు ఆగదు. పాత రోజులే ఇతివృత్తం అనుకున్నారు కనుక, చాలా కార్లకి పాతకాలపు రంగులు వేశారు. మెకానిక్కులు దొప్పల్లాంటి మీసాలు పెంచారు, గంట పాంటులు తొడుక్కున్నారు. పాతతరం వ్యాఖ్యాతల్ని పిలిపించి కాసేపు మైకు ముందు కూర్చోబెట్టారు. పందెం కార్ల్ ఎడ్వర్డ్స్ గెలిచాడు. ఇక్కడ నాకు చిన్న ఆక్షేపణ ఉంది. తీసేసిన వాళ్ళే తిరిగిచ్చి, తిరిగిచ్చినందుకు మేళతాళాలు పెట్టి, టిక్కెట్టు మాత్రం యథాప్రకారం వసూలు చేశారు. జనం మాత్రం దాన్ని పట్టించుకోలేదు. తప్పిపోయిన పిల్ల ఇంటికొస్తే ముందు అన్నం పెడతాం గానీ లెక్కలడుగుతామా?

ఫాంటానాలో 2023 ఫిబ్రవరిలో ఆఖరి పందెం జరిగింది. స్థలంలో ఎక్కువ భాగం అమ్మేశారు, బాట తవ్వేశారు. డార్లింగ్టన్‌కి 2021లో రెండో తేదీ కూడా తిరిగొచ్చింది. ఎప్పుడనుకున్నారు? మాతృదినోత్సవం ఆదివారమే! శనివారం రాత్రి మర్యాద కూడా లేదు, నేరుగా అమ్మల రోజు మధ్యాహ్నమే. నాలుగేళ్ళు అలా నడిచి, 2025లో ఏప్రిల్‌కి మారింది. అదే ఏడు రాకింగ్‌హామ్ బాటకి కూడా కాస్త ప్రాణం వచ్చింది. ప్రధాన తరగతి కాదు గానీ, దానికి కింది రెండు తరగతుల పందేలు అక్కడ పెట్టారు. శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి. ఆ ఆదివారం ఈస్టర్. ఇంకో పండగ దొరకలేదా అని ఆ ఊరి ఇల్లాళ్ళు కొందరైనా విసుక్కునే ఉంటారు. విసుక్కున్నా, గ్యాలరీలు మాత్రం నిండిపోయాయి.