‘పిల్లవాడు చెడిపోతాడు’: తెలుగునాట ప్రభుత్వ ఉన్నత పాఠశాల పేరు, రక్షణ – తల్లిదండ్రుల వాదాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఊరి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పిల్లలను పంపవచ్చునా అన్న చర్చలో తల్లిదండ్రులు ముందుగా ప్రస్తావించేవి రెండు: బడికి ఉన్న పేరు, పిల్లలకు ఉండే రక్షణ. ఈ రెండు మాటల అర్థం కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చిందో 1823 నాటి బళ్ళారి నివేదిక మొదలు 2024 వరకు ఎంపిక చేసిన కొన్ని ఘట్టాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బడి కొత్త వర్గాలకు తెరుచుకున్న సందర్భాలలో, పక్కన ఎవరు కూర్చుంటారన్న జంకు తరచు రక్షణ అనే మాటను ఆశ్రయించిందని, ప్రహరీ, మరుగుదొడ్డి, దారి, భోజనం వంటి భౌతిక రక్షణాంశాలను బలంగా ముందుకు తెచ్చినవారు ఆ బడిలోనే మిగిలిన తల్లిదండ్రులని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీధిబడి, బోర్డు హైస్కూలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, గురుకులం, విద్యాహక్కు చట్టం, పాఠశాల యాజమాన్య కమిటీ.

1. ఉపోద్ఘాతం

‘అక్కడ చేరిస్తే పిల్లవాడు చెడిపోతాడు’ అన్న మాట తెలుగు కుటుంబాలలో అందరికీ పరిచితమే. ఈ వాక్యంలోని ‘చెడిపోవడం’ అనే క్రియ పరిశీలించదగినది. మతం మారడం, కులాచారం తప్పడం, నడత పాడవడం, చదువు వెనకబడడం, చెడు సావాసం పట్టడం, ఇన్ని భయాలను ఈ ఒక్క క్రియ మోస్తుంది. మాట్లాడేవారు ఏ భయాన్ని ఉద్దేశించారో వేరుగా చెప్పనక్కరలేదు. వినేవారికి అది అర్థమవుతుంది. అందువల్లనే బడి గురించిన చర్చలో ఈ మాటకు ఎదురు చెప్పడం కష్టం. ఏ కాలంలో ఏ భయం ఈ క్రియలో ముందుకు వచ్చిందో గుర్తిస్తే, ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు పేరు ఎలా వచ్చిందో, ఎలా పోయిందో కొంతవరకు తెలుస్తుంది.

2. వీధిబడి: పంతులు పేరే బడి పేరు

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు సేకరించవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన సమాధానం వాటిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారని, వాటిలో 226 బడులలో తెలుగు నేర్పుతున్నారని ఆయన నమోదు చేశాడు. ఏ ఒక్క బడికీ ప్రభుత్వ సహాయం లేదని కూడా రాశాడు. పంతులుకు జీతం ఇచ్చేది తల్లిదండ్రులే గనుక బడి పేరు పంతులు పేరుకు భిన్నమైనది కాదు.

అదే నివేదికలో బడి క్రమశిక్షణ వర్ణన ఉంది. ఉదయం మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు, రెండవవాని చేతిలో సున్న రాసేవారు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. చదవనివానిని కప్పీతో పైకప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చోబెట్టి లేపడం వంటి శిక్షలనూ క్యాంబెల్ పేర్కొన్నాడు. ఇవి తెలుగువారు కోదండం, గుంజీలు అని పిలిచినవే. అప్పటి తల్లిదండ్రులకు ఇది బడిని అనుమానించవలసిన విషయం కాలేదు. కఠినంగా దండించే పంతులుకు మంచి పేరే ఉండేది. పిల్లల శరీరానికి జరిగే హాని రక్షణకు సంబంధించిన ప్రశ్నగా మారడానికి చాలాకాలం పట్టింది. శారీరక దండనను, మానసిక వేధింపును చట్టం స్పష్టంగా నిషేధించింది 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షనులో.

3. మచిలీపట్నం, 1852: ఖాళీ అయిన బడి

వీధిబడి స్థానంలో ఇంగ్లీషు బడి వచ్చినప్పుడు భయం స్వరూపం మారింది. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో మిషన్ తరఫున ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. పట్టణంలోని అగ్రకులాల కుటుంబాలు అందులో పిల్లలను చేర్చాయి. అస్పృశ్య కులాల పిల్లలను చేర్చుకోకపోవడం కూడా అందుకు ఒక కారణం. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం స్వీకరించారు. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించడంతో బడి దాదాపు ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్ళీ నిండింది.

ఈ ఘటనలో గమనించవలసినవి రెండు. తల్లిదండ్రుల భయం ఊహాజనితమైనది కాదు. వారు భయపడినది నిజంగానే జరిగింది. అయినా పిల్లలను తిరిగి పంపడానికి కారణం ఇంగ్లీషు చదువుతో వచ్చే ఉద్యోగం. అంటే పేరు, రక్షణ అనే రెండు తూకాలతో పాటు ప్రయోజనం అనే మూడవది కూడా ఆనాటినుంచే ఉంది. బడి పేరు నిలబడింది ఎవరిని చేర్చుకున్నదన్నదానిపైన మాత్రమే కాక, ఎవరిని చేర్చుకోలేదన్నదానిపైన కూడా. ఈ రెండవ అంశం తరువాతి చరిత్రలో మరింత ప్రస్ఫుటమవుతుంది.

4. ఆడపిల్లల బడి: వీధి అనే భయం

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. అదే ఏడాది ప్రారంభించిన ‘వివేకవర్ధని’లో స్త్రీవిద్యను సమర్థిస్తూ రాశారు. కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషాసంజీవని’ స్త్రీవిద్యను వ్యతిరేకించింది. ఈ పత్రికావివాదం సాహిత్య చరిత్రకారులకు సుపరిచితం. ప్రస్తుతాంశానికి సంబంధించినంతవరకు ఇందులో ముఖ్యమైనది ఒకటి: వాదప్రతివాదాలు బోధన నాణ్యత చుట్టూ కాక స్త్రీ నడత చుట్టూ తిరిగాయి. చదివిన స్త్రీ చెడిపోతుందని ఒకరు, చదువే నడతను నిలుపుతుందని మరొకరు వాదించారు. బాలిక బడికి నడిచే దారి ఎంత దూరం, దారిలో ఆమెకు ఎదురయ్యే ఇబ్బంది ఏమిటి అన్న ప్రశ్న ఈ వాదంలో వెనకనే ఉండిపోయింది. బాలికలు అయిదవ తరగతితో బడి మానడానికి ఉన్నత పాఠశాల పొరుగూరిలో ఉండడం ఎంత పెద్ద కారణమో తరువాతి శతాబ్దమంతా తెలుగు పల్లెలు చూశాయి. అక్కడ భయం పరువుదీ, దారిదీ కూడా. ఆ రెండింటినీ విడదీయడం తల్లిదండ్రులకే సాధ్యమయ్యేది కాదు.

5. బోర్డు హైస్కూలు, సర్కారు బడి

1884 స్థానిక బోర్డుల చట్టం, ఆపై 1920 చట్టం మద్రాసు రాష్ట్రంలో ప్రజాధనంతో నడిచే పాఠశాలల బాధ్యతను స్థానిక సంస్థలకు ఇచ్చాయి. జిల్లా బోర్డు హైస్కూలు ఆ ప్రాంతానికంతటికీ గౌరవస్థానమైంది. హెడ్మాస్టరు పేరుతో బడిని గుర్తించే అలవాటు అప్పటిదే. అయితే ఆ గౌరవానికి ఒక హద్దు ఉంది. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రజాధనంతో నడిచే బడిలో కులం కారణంగా ప్రవేశం నిరాకరించరాదన్న సూత్రాన్ని ఆమోదించింది. దానిని జాగ్రత్తతో అమలు చేయాలని, అణగారిన కులాలకు ప్రత్యేక పాఠశాలలను ప్రోత్సహించాలని కూడా సూచించింది. సూత్రం ఒకటి, వెసులుబాటు మరొకటి. 1920లలో లేబరు శాఖ అణగారిన కులాల పిల్లలకు విడిగా బడులు నడిపింది. అందరిదీ అని పేరు ఉన్న బడిలో అందరూ లేకపోవడం, ఉన్నవారి దృష్టిలో ఆ బడి పేరుకు లోపంగా కనిపించలేదు.

హైదరాబాదు సంస్థానంలో సమస్య భాషది. సర్కారు బడిలో బోధన ఉర్దూలో సాగేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం మాధ్యమం కూడా అదే. ప్రైవేటు వ్యక్తులు నడిపే ఖాన్గీ పాఠశాలలకు 1920లలో ముందస్తు అనుమతి నిబంధన వచ్చింది. 1930లో జోగిపేటలో తొలి సమావేశం జరుపుకొన్న ఆంధ్రమహాసభ మాతృభాషాబోధన కోసం, ఖాన్గీ పాఠశాలలపై ఆంక్షల రద్దు కోసం ఉద్యమించింది. కోస్తాలో ప్రభుత్వ బడి ప్రతిష్ఠకు గుర్తు కాగా, తెలంగాణలో అది పరభాషకు గుర్తు. నేటి రెండు రాష్ట్రాలలో ‘సర్కారు బడి’ అన్న మాట వెనుక ఉన్న జ్ఞాపకాలు ఒక్కటి కావు.

6. జిల్లా పరిషత్తు, గురుకులం, కాన్వెంటు

1959 చట్టంతో జిల్లా బోర్డుల స్థానంలో జిల్లా పరిషత్తులు వచ్చాయి. తరువాతి దశాబ్దాలలో ఉన్నత పాఠశాల మండల గ్రామాలకు, పెద్ద పల్లెలకు చేరింది. కుటుంబంలో మొదటిసారిగా పదవ తరగతికి వచ్చిన పిల్లలు ఎక్కువగా చేరినది ఈ బడులలోనే. దళిత, వెనుకబడిన కులాల తరాల ఎదుగుదలలో వీటి పాత్ర కాదనలేనిది.

సరిగ్గా ఈ విస్తరణ సాగుతున్నప్పుడే రెండు చీలికలు వచ్చాయి. మొదటిది ప్రభుత్వం చేసినది. 1971లో సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. 1972లో తాడికొండ, కొడిగెనహళ్ళి వచ్చాయి. ప్రవేశ పరీక్షతో గ్రామీణ ప్రతిభావంతులను ఎంపిక చేసిన ఈ బడులు గొప్ప ఫలితాలు సాధించాయి. అదే సమయంలో మంచి ప్రభుత్వ బడి అంటే ఊరి బడి కాదు, పరీక్ష రాసి చేరవలసిన దూరపు బడి అన్న భావాన్ని స్థిరపరిచాయి. 1986 తరువాతి నవోదయ, ఆపై వచ్చిన ఆదర్శ పాఠశాలలు, తెలంగాణలో 2014 తరువాత పెద్దసంఖ్యలో తెరిచిన సంక్షేమ గురుకులాలు ఈ నిచ్చెనకు మెట్లు పెంచాయి. నిచ్చెన అడుగున మిగిలినది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల.

రెండవ చీలిక కాన్వెంటుతో వచ్చింది. 1980ల నుంచి పట్టణాలలోనూ, తరువాత మండల కేంద్రాలలోనూ ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు పాఠశాలలు విస్తరించాయి. మొదట వెళ్ళినవారు ఉద్యోగులు, వ్యాపారులు, భూమి ఉన్న రైతులు. ప్రభుత్వ ఉపాధ్యాయులూ వీరిలో ఉన్నారు. బడి పనితీరుపై అధికారిని నిలదీయగల తల్లిదండ్రులు వీరే. బడి అట్టడుగువారికి అందుబాటులోకి వచ్చిన కాలంలోనే దాని పక్షాన మాట్లాడగలవారు వెళ్ళిపోయారు. వెళుతూ వారు చెప్పిన కారణాలలో ఇంగ్లీషు ఒకటి, సావాసం మరొకటి. ‘సావాసం’ అన్న మాటలో ఎవరి సావాసమన్నది విడిగా చెప్పరు. 1852లో మచిలీపట్నం తల్లిదండ్రులు మతం పేరు పెట్టి చెప్పినదానిని ఈ తరం పేరు పెట్టకుండా చెప్పింది.

ఇంగ్లీషు కారణాన్ని మాత్రం తేలికగా కొట్టివేయలేము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఆంగ్లమాధ్యమంపై ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆపై ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయాలు సేకరించి, 96 శాతానికి పైగా ఆంగ్లమాధ్యమాన్నే కోరారని ప్రకటించింది. సేకరణ పద్ధతిపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. బడిలో మిగిలిన పేద తల్లిదండ్రులు కూడా వెళ్ళినవారి కొలమానంతోనే బడిని తూస్తున్నారన్నది స్పష్టం.

7. రక్షణ: మాట నుంచి వస్తువుకు

రుసుము కట్టే బడి సురక్షితమన్న నమ్మకాన్ని రెండు విషాదాలు ప్రశ్నించాయి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ప్రైవేటు యాజమాన్యంలోని పాఠశాలలో మంటలు చెలరేగి 94 మంది పిల్లలు మరణించారు. దాని పర్యవసానంగా సుప్రీంకోర్టు 2009లో అవినాశ్ మెహరోత్రా కేసులో సురక్షితమైన బడిలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమని తీర్పు చెప్పింది. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న ప్రైవేటు పాఠశాల బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు మరణించారు. ఊరి బడి మానిన పిల్లల రోజువారీ ప్రయాణం కూడా రక్షణ లెక్కలోకి రావాలని ఆ ఘటన గుర్తుచేసింది.

ప్రభుత్వ బడిలో రక్షణ అంటే ఏమిటో అక్కడి తల్లిదండ్రుల డిమాండ్లే చెబుతాయి. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీగోడ, పెచ్చులూడని పైకప్పు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన ‘నాడు-నేడు’ తొలిదశలో 15,715 పాఠశాలలకు ఎంచుకున్న పనుల జాబితా, తెలంగాణలో 2022 మార్చిలో 26,065 పాఠశాలల లక్ష్యంతో ప్రారంభమైన ‘మన ఊరు - మన బడి’ జాబితా దాదాపు ఇవే. ఎదిగిన బాలిక బడి మానకుండా ఉండడానికి మరుగుదొడ్డి ఎంత అవసరమో గుర్తించినప్పుడు, 1874 నాటి ‘నడత’ వాదం చివరకు ఒక గదికి, ఒక తలుపుకు, ఒక నీటికొళాయికి వచ్చి చేరింది.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 117వ నంబరు ఉత్తర్వుతో అనేక ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలలో కలిపినప్పుడు తల్లిదండ్రులు అనేక గ్రామాలలో ఆందోళన చేశారు. చిన్నపిల్లలు రహదారి దాటవలసి వస్తుందని, దూరం నడవవలసి వస్తుందని వారు వాదించారు. ఈ వాదంలో ‘చెడిపోవడం’ లేదు; దూరం, వాహనాలు, వయసు ఉన్నాయి. 2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది. 2024 నవంబరులో నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు అస్వస్థులైనప్పుడు విషయం హైకోర్టు వరకు వెళ్ళింది. పళ్ళెంలో అన్నం ఎలా ఉందో అడగడం కూడా బడి పేరును గురించి అడగడమే.

8. ముగింపు

పై ఘట్టాల పరిశీలన వల్ల తేలుతున్న అంశాలు ఇవి. బడి పేరు బోధనతో మాత్రమే ఏర్పడలేదు. ఎవరు చేరారు, ఎవరు వెళ్ళిపోయారు అన్నదానితో కూడా ఏర్పడింది. రక్షణను గురించిన భయాలన్నీ ఒక కోవకు చెందినవి కావు. పక్కన కూర్చునే పిల్లవానిపై భయానికి ప్రహరీగోడ పరిష్కారం కాదు. అటువంటి భయాన్ని గౌరవించి రక్షణ పేరుతో చర్చించడం బడికి హాని. దారి, దెబ్బ, నీరు, తిండి గురించిన భయాన్ని ‘ప్రభుత్వ బడిపై అపవాదు’గా కొట్టివేయడమూ అంతే హాని.

విద్యాహక్కు చట్టం 21వ సెక్షను పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలని నిర్దేశించింది. ఇక్కడ ఒక పరిమితిని గమనించాలి: చట్టం ఎనిమిదవ తరగతి వరకే వర్తిస్తుంది, తొమ్మిది, పది తరగతులు దాని వెలుపల ఉన్నాయి. బాలికలు బడి మానే ప్రమాదం ఎక్కువగా ఉండే వయసు అదే. వెళ్ళిపోయిన తల్లిదండ్రుల మాటే బడికి పేరుగా చలామణి అవుతున్నప్పుడు, కూలికి వెళ్ళి సాయంత్రం సమావేశానికి వచ్చే తల్లి మాటకు ఆ కమిటీలో ఎంత బరువు ఉంటుందన్నదే ఉన్నత పాఠశాల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. కమిటీ తీర్మానాల పుస్తకాలను, పాఠశాలల ప్రవేశ రిజిస్టర్లను ప్రాథమికాధారాలుగా తీసుకొని జిల్లాల వారీగా అధ్యయనం చేస్తే ఈ చరిత్రలో ఇంతవరకు వినిపించని గొంతులు నమోదవుతాయి. తెలుగు విద్యాచరిత్ర పరిశోధకులు చేపట్టవలసిన పని ఇది.