నాగార్జునసాగరం – నీళ్ళు చూసేవాళ్ళు, రాళ్ళు మోసినవాళ్ళు

పిల్లలకి సెలవులిచ్చారంటే మన ఇళ్ళల్లో మొదలయ్యే గోల ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. "ఎక్కడికైనా వెళ్దాం" అని. ఊటీ అంటే ఖర్చు, తిరుపతి అంటే రద్దీ. చివరికి హైదరాబాదు వాళ్ళైనా, గుంటూరు, విజయవాడ వాళ్ళైనా తేల్చుకునేది నాగార్జునసాగరే. హైదరాబాదుకు అది సుమారు 150 కిలోమీటర్లు. తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుకుని బయల్దేరితే పొద్దెక్కేసరికి కృష్ణమ్మ ఒడ్డున ఉంటాం. అందులోనూ గేట్లెత్తారని పేపర్లో పడిందంటే ఇక ఇంట్లో ఎవరూ నిలవరు.

సరదాగా వెళ్ళి రావడం మంచిదే. రోజంతా వంటింట్లో నలిగే మనకి ఒక్కరోజు గాలి మారితే ఒంటికీ మనసుకీ కూడా మంచిది. అయితే ఈసారి వెళ్ళేటప్పుడు పులిహోర పొట్లంతో పాటు కాస్త చరిత్ర కూడా కట్టుకు వెళ్ళమని మనవి చేస్తున్నాను. ఎందుకంటారా? ఆ నీళ్ళ అడుగున ఒక నగరం ఉంది. ఆ గోడ నిండా కూలి చేసిన చేతుల కష్టం ఉంది. ఈ రెండింటిలోనూ మన ఆడవాళ్ళ పాలు చాలా ఉంది. మొదటివాళ్ళ పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. రెండోవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

ముందు ఆ నగరం సంగతి చెప్పుకుందాం. దాని పేరు విజయపురి. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, అంటే శాతవాహనుల తర్వాత, ఇక్ష్వాకులు అనే రాజులు కృష్ణ ఒడ్డున ఈ ఊరు రాజధానిగా ఏలారు. మూడు పక్కల నల్లమల కొండలు, నాలుగో పక్క కృష్ణ. ఇటువంటి లోయలో కోట, స్నానఘట్టాలు, గుళ్ళు, బౌద్ధుల స్తూపాలు, విహారాలు, అన్నీ వెలిశాయి. ఆచార్య నాగార్జునుడు ఇక్కడే ఉండేవాడని పెద్దలు చెప్పుకోవడం వల్ల ఆ కొండకి నాగార్జునకొండ అని పేరొచ్చింది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ఈ వంశానికి మూలపురుషుడైన చాంతమూలుడు వైదిక మతస్థుడు, అశ్వమేధం చేసినవాడు. ఇంటి మగవాళ్ళు యజ్ఞాలు చేస్తుంటే అదే ఇంటి ఆడవాళ్ళు బుద్ధుడికి చైత్యాలు కట్టించారు. చాంతమూలుడి సొంత చెల్లెలు చాంతిసిరి, తన మేనల్లుడు వీరపురుషదత్తుడు రాజైన ఆరో ఏట, మహాచైత్యానికి రాతి స్తంభాలు ఎత్తించి, వాటి మీద శాసనం చెక్కించింది. పేదలకు, దీనులకు, బ్రాహ్మణులకు, శ్రమణులకు ఎడతెగకుండా దానం చేసే తల్లి అని ఆమెను గురించి రాసి ఉంది. ఇంకో చమత్కారం కూడా వినండి. ఆ వీరపురుషదత్తుడే ఆమెకు అల్లుడు కూడా! మేనత్తల కూతుళ్ళను పెళ్ళాడాడని శాసనాలే చెబుతున్నాయి. మేనరికాలు మన ఇళ్ళల్లో నిన్నా మొన్నా పుట్టినవి కావన్నమాట.

రాజుగారి ఇంటి ఆడపడుచులంటే డబ్బుకేం కొదవ, అని మీరనొచ్చు. అయితే బోధిసిరి మాట వినండి. ఆమె రాణి కాదు. గృహస్థురాలైన ఉపాసిక. వీరపురుషదత్తుడి 14వ ఏట సింహళం నుంచి వచ్చిన బౌద్ధ గురువుల కోసం ఒక చైత్యగృహం కట్టించింది. అంతటితో ఊరుకుందా? ఫలానా విహారంలో ఒక గది, ఫలానా చోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, ఒకచోట చెరువు, ఒకచోట రాతి మండపం... ఇలా ఏ ఊళ్ళో ఏమి కట్టించిందో పద్దు రాసినట్టు వరసగా చెక్కించింది. ఆ పుణ్యంలో తన ఇంటివారికీ, చుట్టాలకీ కూడా భాగం పెట్టింది. నెలాఖరున మనం పచారీ పద్దు రాసుకుంటాం చూడండి, ఆ శాసనం చదువుతుంటే నాకు అదే గుర్తుకొచ్చింది. ఇల్లు నడిపే ఇల్లాలి లెక్క అది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి పద్దు!

తర్వాత ఇక్ష్వాకులు పోయారు, విజయపురి పోయింది, అడవి కమ్మేసింది. శతాబ్దాల తరబడి ఆ రాళ్ళ మధ్య పశువులు మేశాయి. 1926లో అక్కడి బడిపంతులు ఒకాయన ఒక పాత స్తంభం చూసి సర్కారుకి తెలియజేశారు. మద్రాసు నుంచి శాసనాల శాఖవారు వచ్చి చూశారు. మరుసటి సంవత్సరం నుంచి లాంగ్‌హర్స్ట్ దొర తవ్వకాలు చేయించారు. మహాచైత్యంలో దొరికిన పవిత్ర ధాతువుని తర్వాత సారనాథ్‌లోని మహాబోధి సొసైటీ వారికి అందజేశారు. అట్లా లోకానికి మళ్ళీ తెలిసిన ఊరు, ముప్పై ఏళ్ళు తిరక్కుండానే నీళ్ళపాలు కావలసిన రోజు వచ్చింది.

ఎందుకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి గదా. కృష్ణ పక్కనే పారుతున్నా నల్గొండలోనూ, పల్నాడులోనూ మెట్ట భూములు వానకోసం మొహం వాచి ఉండేవి. నది లోతున పోతుంది, పొలం ఎత్తున ఉంటుంది. మరి నీళ్ళు ఎక్కేదెట్లా? ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం కృష్ణ నీటిని పెన్నకు మళ్ళించి దక్షిణాదికి తీసుకుపోయే ఆలోచన చేస్తోంది. అది తెలిసి ముక్త్యాల రాజాగారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు, నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి తిరిగారు. ఖోస్లా కమిటీ స్థలం చూడ్డానికి వస్తుంటే, జీపులు పోయే దారి లేదని ఊళ్ళవాళ్ళ చేత దారి వేయించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1952లో ఆ కమిటీ నందికొండే సరైన చోటని తేల్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసి, మనం దేశమంతటా కడుతున్న కొత్త గుళ్ళకి ఇది గుర్తు అన్నారు.

అప్పటికి కృష్ణకు ఈ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం, ఆ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. ఏడాది తిరగకుండానే రెండూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాయి. 2014లో మళ్ళీ రెండయ్యాయి. ఇప్పుడు ఇటు తెలంగాణలో నల్గొండ జిల్లా, అటు ఆంధ్రప్రదేశ్‌లో పల్నాడు జిల్లా. అన్నదమ్ములు వేరుపడ్డా నడిమి గోడ ఉమ్మడిదే అన్నట్టు, ఆనకట్ట మాత్రం ఇద్దరిదీ.

ఇక కట్టడం సంగతి. ఇది కాంక్రీటు ఆనకట్ట అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది రాతి కట్టడం. ఆ కాలంలో సిమెంటుకి కరువు, పెద్ద యంత్రాలు విదేశాల నుంచి తెప్పించాలంటే డబ్బు లేదు. మనకి ఉన్నవల్లా రాయి, మనిషి. కనుక రాయి మీద రాయి పేర్చి, మధ్యన మాలు వేసి కట్టారు. పునాది నుంచి 124 మీటర్ల ఎత్తు, అంటే దగ్గర దగ్గర నలభై అంతస్తుల మేడ. రాతి గోడ పొడవు సుమారు కిలోమీటరున్నర. రెండు పక్కల మట్టి కట్టలు కూడా కలిపితే దాదాపు 5 కిలోమీటర్లు. గేట్లు 26. ఒక్కొక్కటి 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. రాతి ఆనకట్టల్లో ప్రపంచంలో మొదట చెప్పుకునేది ఇదే.

ఇంత రాయినీ పైకి చేర్చింది ఎవరు? ఆనాటి ఫోటోలు ఎక్కడైనా కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. గోడ పక్కన పరంజాలు కట్టి ఉంటాయి. ఆ పరంజాల మీద చీమల బారులాగా మనుషులు. మగవాళ్ళు బండరాళ్ళు మోస్తుంటే, ఆడవాళ్ళు చీర చెంగు బొడ్లో దోపుకుని, తల మీద చుట్టకుదురు, దాని మీద తట్ట. పాలమూరు నుంచి, ఇంకా ఎన్నో మెట్ట ప్రాంతాల నుంచి వేలాది మంది కుటుంబాలతో వచ్చి ఏళ్ళ తరబడి అక్కడే గుడిసెలు వేసుకుని పనిచేశారు. ఎండలో కాలిన రాయిని ముట్టుకుంటే ఎట్లా ఉంటుందో మనకి తెలుసు. మిద్దె మీద వడియాలు పెట్టేటప్పుడే అడుగు తీసి అడుగు వేయలేం. అటువంటిది రోజంతా తట్ట మోసి, రాత్రి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకుని పిల్లలకి ముద్ద కలిపి పెట్టినవాళ్ళు వాళ్ళు. పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. బోధిసిరి గదులు కట్టించి తన పేరు చెక్కించుకుంది. ఈ తల్లులు స్వయంగా తట్టలు మోసి కట్టారు గాని, వారి పేర్లు చెక్కినవాళ్ళు లేరు.

నష్టపోయినవాళ్ళు ఇంకొందరున్నారు. లోయలోనూ, నది వెంటా ఉన్న యాభైకి పైగా ఊళ్ళు మునిగాయి. పొలానికి పరిహారం లెక్క కట్టొచ్చు. కోడలిగా అడుగుపెట్టిన గడపకి, తులసి కోటకి, పిల్లల్ని పెంచిన వాకిలికి ఎవరు లెక్క కడతారు చెప్పండి? అద్దె ఇల్లు మారితేనే నాలుగు రోజులు నిద్ర పట్టని మనకి ఆ బాధ చెప్పకుండానే తెలుస్తుంది.

నీళ్ళు రాకముందే, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు లోయంతా తవ్వారు. వందకు పైగా కట్టడాలు బయటపడ్డాయి. అన్నింటినీ దక్కించుకోవడం సాధ్యం కాలేదు. ముఖ్యమైన తొమ్మిదింటిని విప్పి కొండ మీదికి తెచ్చి తిరిగి కట్టారు. కొన్నింటికి నమూనాలు చేశారు. 1966లో మ్యూజియం తెరిచారు. చుట్టూ నీళ్ళు చేరి ఆ కొండే ఇప్పుడు ద్వీపమైంది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి పక్కది జవహర్ కాలువ, ఎడమ పక్కది లాల్‌బహదూర్ కాలువ. రెంటి కిందా కలిపి సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు. జొన్న, సజ్జ తప్ప తెలియని చోట్ల వరి పండింది.

పొలాల సంగతి పట్నవాసులం మనకెందుకు అనుకుంటారేమో. హైదరాబాదు వాసులారా, 2004 నుంచి మీ నగరానికి వస్తున్న కృష్ణ నీళ్ళు ఈ సాగర్ నుంచి తోడుతున్నవే. ఎముకలు వంకరపోయే ఫ్లోరైడు నీళ్ళు తాగిన నల్గొండ పల్లెలకి మంచినీళ్ళ ఆసరా కూడా ఈ నదే. కాబట్టి కుళాయి తిప్పి బిందె నిండి పొర్లుతుంటే, పక్కింటావిడతో కబుర్లలో పడి వదిలేయకండి. మరో మాట. కట్టినప్పుడు సాగర్‌లో 408 టీఎంసీల నీళ్ళు పట్టేవి. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. పై నుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు పేరుకుని ఇప్పుడు పట్టేది 312 టీఎంసీలే. పాలగిన్నె అడుగున మాడు కట్టినట్టు ఏటేటా ఆ గిన్నె చిన్నదవుతోంది.

ఇక వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. వీలైతే ముందుగా నాగార్జునకొండకి వెళ్ళండి. లాంచీ ఏ రోజు నడుస్తోందో, మ్యూజియం ఏ రోజు తెరుస్తారో ముందే కనుక్కోండి. లేకపోతే రేవు దగ్గర పిల్లలతో పడిగాపులు పడాలి. లాంచీ సాగుతున్నప్పుడు పిల్లలకి చెప్పండి, మన కింద విజయపురి ఉందని. కొండ మీద చాంతిసిరి మహాచైత్యాన్ని, స్నానఘట్టాన్ని తప్పక చూపించండి. కుడి ఒడ్డున అనుపులో మెట్లమెట్లుగా ఉన్న పాత రంగస్థలాన్ని తిరిగి కట్టారు. మధ్యన నిలబడి మాట్లాడితే పై మెట్టు మీద కూర్చున్నవాళ్ళకి చక్కగా వినిపిస్తుంది. పిల్లలు అక్కడి నుంచి ఓ పట్టాన కదలరు.

సాయంత్రం ఎత్తిపోతలకి వెళ్ళొచ్చు. సాగర్‌కి 11 కిలోమీటర్ల దూరం. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. కింద మొసళ్ళను పెంచే కేంద్రం ఉంది కనుక నీళ్ళ దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి. తెలంగాణ ఒడ్డున 2022లో తెరిచిన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. నీడ చూసుకుని భోజనాలకి కూర్చోవచ్చు గాని, తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ సంచులు మాత్రం అక్కడ వదలకండి. కూడా తెచ్చుకున్న ఖాళీ సంచీ ఒకటి అందుకే అట్టేపెట్టుకోండి.

గేట్లెత్తినప్పుడు ఆ నురగ, ఆ హోరు చూసి ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. తనివితీరా చూడండి, ఫోటోలు తీసుకోండి. ఆ తర్వాత గేట్ల పక్కనున్న గోడ వైపు కూడా ఓసారి తల తిప్పి చూడండి. ఒక్కో రాయి ఎవరి తల మీంచి పైకెక్కిందో మీ పిల్లలు అడిగితే చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర జవాబుంది. బడి పుస్తకాల్లో నెహ్రూగారి పేరుంటుంది, ఇందిరమ్మ పేరుంటుంది. ఉండవలసినవే. తట్ట మోసిన తల్లి మాట, గడప వదిలి వెళ్ళిన ఇల్లాలి మాట మాత్రం పిల్లలకి మనమే చెప్పాలి. వెళ్ళి రండి, చెప్పి రండి.