మండువా లోగిలి: లోపలి అలంకరణ

నడుమ ఆకాశానికి తెరచిన మండువా, దాని చుట్టూ వసారాలు, గదులు గల పాత పెంకుటిల్లే మండువా లోగిలి. కన్నడ సీమలో ఇటువంటి ఇంటిని తొట్టిమనె అంటారు.

ఇటువంటి ఇంటిని బాగుచేసిన పిమ్మట అలంకరణలో మొదట చూడవలసినది గోడ. మట్టితో గాని, సున్నంతో గాని కట్టిన గోడ తేమను పీల్చి, తిరిగి గాలిలోకి విడుస్తుంది. దానిపై సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు వేస్తే తేమ లోపలే నిలిచి, పూత ఉబ్బి పెచ్చులూడుతుంది. క్రమంగా గోడ కూడా చెడుతుంది. కనుక సున్నపు గచ్చు, దానిపై వెల్ల, అడుగున జాజుపట్టె తగినవి.

కర్ర స్తంభాలకు, ద్వారబంధాలకు పాత రంగు గీకి అవిసెనూనె పట్టించాలి. దీపాలకు, ఇత్తడి పాత్రలకు గోడగూళ్లు చాలు; కొత్త మేకులు అనవసరం. మండువాలో వాననీరు పోయే తూమును మాత్రం ఏ అలంకరణ కోసమూ మూయరాదు.