రంగం

ఉత్తరాంధ్రలో పాతతరం వాళ్ళు ‘రంగం వెళ్ళాడు’ అంటే నాటకాలకు కాదు, బర్మాకు. అక్కడి రేవు పట్టణానికి 1755లో అలౌంగ్‌పాయ రాజు పెట్టిన పేరు యాంగోన్. ‘కలహాల ముగింపు’ అని అర్థం. ఇంగ్లీషువాళ్ళ నోట అది రంగూన్, మన నోట రంగం. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళినందుకు అక్కడ మనవాళ్ళు ‘కోరంగీలు’.

బియ్యం మిల్లుల్లో, రేవులో మేస్త్రీల కింద చేసిన కూలి డబ్బు మనియార్డరుగా ఊరికొచ్చి అప్పులు తీర్చేది, చెక్కో ముక్కో భూమి కొనిపెట్టేది.

1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక ఒకసారి, 1962 తర్వాతి సైనిక పాలనలో మరోసారి వేలమంది తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మాక్యాంపు పేరు అలా వచ్చిందే. డాలర్లకంటే ముందు ఈ పల్లెల్ని ఆదుకున్న పరదేశపు సొమ్ము రంగం కూలిదే.