కూడలి స్టేషన్లు, మజిలీలు: చేవెళ్ల ప్రాంతం నుంచి కాశీకి రైలు దారి

హైదరాబాదు నుంచి పడమరగా మొయినాబాద్, చేవెళ్ల మీదుగా బీజాపూర్ వైపు సాగే పాత రోడ్డు, దానికి ఉత్తరంగా లింగంపల్లి, శంకర్‌పల్లి, వికారాబాద్, తాండూరు మీదుగా వాడికి చేరే రైలు మార్గం దాదాపు ఒకే దిక్కుకు పోతున్నా, చేవెళ్ల ప్రాంతంలో ఒకదాన్నొకటి తాకవు. అందువల్ల ఈ ప్రాంతంలోని ఎంకపల్లి, దాని చుట్టుపక్కల ఊళ్లు రోడ్డుకు దగ్గరగా, రైలుకు ఎడంగా ఉండిపోయాయి. ఈ ఊళ్ల నుంచి దూరప్రాంతానికి బయలుదేరేవారు మొదట స్టేషనుకు చేరే ఏర్పాటు చూసుకోవాలి, ఆ తర్వాతనే రైలు సంగతి. ఆ రైలు ప్రయాణంలో ఎక్కడ దిగాలి, ఏ పట్నంలో ఒక పూట గడపాలి అన్న నిర్ణయం ఈనాడు ప్రయాణికుడి ఇష్టం మీద నడుస్తుందిగాని, రైలు వచ్చిన తొలి యాభై ఏళ్లలో ఆ నిర్ణయం చాలావరకు రైలు కంపెనీల హద్దులదీ, పట్టాల వెడల్పులదీ, కట్టని వంతెనలదీ.

రైలుకు ముందు కాలంలో మజిలీ అంటే ఒక రోజు నడకకు ముగింపు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే దొరలకూ దేశస్థులకూ మధ్య మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో బయలుదేరి, కడప, కర్నూలు సీమల మీదుగా హైదరాబాదు చేరి, అక్కడి నుంచి నాగపూరు, జబల్పూరు దారిన కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో మద్రాసుకు తిరిగి వచ్చాడు. పదిహేను నెలలు దాటిన ఆ ప్రయాణాన్ని ఆయన రోజువారీగా రాసిపెట్టగా, 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. నీళ్లు, నీడ, కోమట్ల దుకాణాలు, వాగు దాటే వీలు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఆ రోజుల్లో మజిలీ కుదిరేదని ఆ పుస్తకం చదివినవారికి తెలుస్తుంది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీకి నడిచిపోయే యతి ఒక గోపబాలుడికి మజిలీకొక కథ చెప్పినట్లుగా కూర్చిన 'కాశీ మజిలీ కథలు' సంపుటాలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పాఠకులను ఆకట్టుకునే నాటికి, ఆ పాఠకుల్లో కాశీకి నడిచి వెళ్లేవారు దాదాపు లేరనే చెప్పాలి. కాలినడక మజిలీలు దారి మీద అంతరించాకే సాహిత్యంలో అంత వైభవంగా వెలిగాయి.

బొంబాయి నుంచి ఆగ్నేయంగా వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, మద్రాసు నుంచి వాయవ్యంగా సాగిన మద్రాస్ రైల్వే 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ మార్గం నిజాం రాజ్యపు పడమటి అంచుగుండా పోయిందేగాని రాజధానిని తాకలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ బాలుడుగా ఉండగా రాజ్యవ్యవహారాలు నడిపిన మొదటి సాలార్‌జంగ్, ఆంగ్లేయ ప్రభుత్వంతో 1870లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆ మార్గం మీది వాడి నుంచి సికింద్రాబాదుకు బ్రాడ్‌గేజి లైను వేయించాడు. బ్రాడ్‌గేజి అంటే రెండు పట్టాల మధ్య అయిదున్నర అడుగుల ఎడం ఉండే పెద్ద లైను. 1874 అక్టోబరులో ఈ లైను మీద రాకపోకలు మొదలయ్యాయి. సికింద్రాబాదు దండుకు సైన్యాన్నీ సామగ్రినీ చేర్చడం ఆంగ్లేయులకు ముఖ్యం కాగా, ఖర్చు మాత్రం నిజాం ఖజానా మీద పడింది. చేవెళ్ల, మొయినాబాద్ రైతులనుగాని వ్యాపారులనుగాని దృష్టిలో పెట్టుకొని ఎవరూ ఆ లైను గీయలేదు. అది వారికి ఉత్తరంగా పోవడం వారి అదృష్టమో దురదృష్టమో అన్నది, ఇంటి నుంచి శంకర్‌పల్లి దాకా ఎడ్లబండి దారి ఏ కాలంలో ఎలా ఉండేదన్నదాన్ని బట్టి తేలవలసిన విషయం.

ఈ తొలి లైను బొంబాయి వైపు తెరుచుకున్నది కాబట్టి, పంతొమ్మిదో శతాబ్దం చివర ఈ ప్రాంతం నుంచి కాశీకి రైలులో పోదలచినవారు ఉత్తరానికి పోవడానికి ముందు పడమరకు పోవలసి వచ్చేది. శంకర్‌పల్లిలో ఎక్కినవారు వాడిలో దిగి, బొంబాయి దిక్కుకు పోయే బండి పట్టుకొని గుల్బర్గా, షోలాపూర్ మీదుగా ధోండు చేరి, అక్కడ మళ్లీ మారి, 1878లో తెరిచిన ధోండు–మన్మాడ్ లైను మీద మన్మాడ్ చేరేవారు. అక్కడి నుంచి భుసావళ్, ఇటార్సీ, జబల్పూరు మీదుగా ప్రయాగకు దారి ఉంది. బొంబాయిని అలహాబాదు, అంటే ప్రయాగ మీదుగా కలకత్తాతో కలిపిన ఆ పెద్ద మార్గం 1870లోనే పూర్తయింది. ప్రయాగ దాటాక మొగల్‌సరాయిలో దిగినా కాశీ చేరినట్లు కాదు. గంగ మీద 1887లో డఫరిన్ వంతెన కట్టేవరకు రైలు గంగకు ఈవలి ఒడ్డునే ఆగిపోగా, యాత్రికులు నది దాటి ఊళ్లో అడుగుపెట్టేవారు. మన్మాడ్ దాకా పోయిన ఈ చుట్టుదారిని పటం మీద చూసినవారికి అది వృథా శ్రమగా తోచవచ్చుగాని, పదిహేను నెలల యాత్రలో కాశీకి పోయే భాగం కొద్ది రోజులకు కుదించుకుపోయిన కాలంలో ఆ వంకర గురించి ఎవరూ పెద్దగా పట్టించుకొని ఉండరు.

కూడలి స్టేషనులో, అంటే రెండు లైన్లు కలిసి ప్రయాణికుడు బండి మారవలసిన జంక్షనులో, తర్వాతి బండి ఎప్పుడు వస్తే అప్పటిదాకా వేచి ఉండక తప్పదు. మూడో తరగతి వారు గుంపుగా పడుకొనే కొట్టాన్ని ముసాఫిర్‌ఖానా అనేవారు. స్టేషన్లలో హిందువులకు, ముస్లిములకు తాగునీరు వేరువేరుగా ఉండేది. రైళ్లు మద్రాసు కాలమానం ప్రకారం నడిచేవి కనుక, 1906లో దేశమంతటికీ ఒకే ప్రామాణిక కాలం వచ్చేదాకా, ఊరి పొద్దుకూ స్టేషన్ గడియారానికీ పొంతన కుదిరేది కాదు. నిజాం రాజ్యంలో చెలామణీ అయ్యే హాలీ సిక్కాకు, అంటే హైదరాబాదు రూపాయికి, రాజ్యం వెలుపల విలువ లేదు కాబట్టి, దూరప్రయాణం తలపెట్టినవారు ముందుగానే సాహుకారు దగ్గర దాన్ని కల్దారుగా, అంటే ఆంగ్లేయ రూపాయిగా మార్చుకోవలసి ఉండేది. వంద కల్దారులకు నూట పదహారు హాలీ రూపాయలకు పైగా ఇచ్చుకోవలసిన ఆ మారకం కూడా ప్రయాణపు ఖర్చులో ఒక భాగమే.

మజిలీ పట్నాల్లో బస సత్రాల మీద, ధర్మశాలల మీద, పండాల ఇళ్ల మీద ఆధారపడి ఉండేది. పండా అంటే తీర్థస్థలంలో వంశపారంపర్యంగా యాత్రికులకు ఆశ్రయమిచ్చి కర్మకాండ జరిపించే పురోహితుడు. ఈ ఏర్పాటు ఎంత చవకగా నడిచేదో గాంధీ ఆత్మకథలో ఒక ఉదాహరణ ఉంది. 1902లో ఆయన కలకత్తా నుంచి రాజ్‌కోటకు మూడో తరగతిలో పోతూ కాశీ, ఆగ్రా, జయపురం, పాలన్‌పూర్‌లలో ఒక్కొక్క రోజు ఆగి, పాలన్‌పూర్ తప్ప మిగిలిన చోట్ల ధర్మశాలల్లోనో పండాల ఇళ్లలోనో సాధారణ యాత్రికుడిలా బస చేశాడు. రైలు ఛార్జీతో కలిపి ఆ ప్రయాణానికంతటికీ ముప్పై ఒక్క రూపాయలకు మించి ఖర్చు కాలేదని ఆయనే రాసుకున్నాడు. పట్నాల్లో ఆగుతూ పోవడాన్ని ఆయన కావాలని ఎంచుకున్నాడు. అదే కాలంలో వాడి ముసాఫిర్‌ఖానాలో మూట తలకింద పెట్టుకొని పడుకున్న చేవెళ్ల యాత్రికుడికి ఆ ఎంపిక ఇంకా దక్కలేదు. హైదరాబాదులో నాంపల్లి స్టేషన్ 1907లో ఏర్పడ్డాక, ఏడో నిజాం కాలంలో దాని ఎదుట బాటసారుల కోసం కట్టిన సరాయి కూడా ఈ బస ఏర్పాట్ల కోవలోనిదే.

సికింద్రాబాదు నుంచి తూర్పుకూ ఉత్తరానికీ లైను పొడిగించే ప్రయత్నం 1883లో పెద్ద రాజకీయ వివాదమైంది. లండన్‌లో పెట్టుబడి సేకరించి ఏర్పడే కంపెనీకి ఏటా నిర్ణీత శాతం రాబడి రాకపోతే ఆ లోటును నిజాం ప్రభుత్వమే పూడ్చాలన్నది ఒప్పందంలోని షరతు. గ్యారంటీ రైల్వే అన్న మాటకు అర్థం అదే. చాందా రైల్వే పథకంగా పేరుపడిన ఈ ఒప్పందం వివరాలను ప్రజల ముందు పెట్టాలని కోరినవారిలో ముఖ్యుడు, సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ. ఆయనను ఆ ఏడే రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. కంపెనీ ఏర్పడింది, లైను వరంగల్లు మీదుగా 1889లో బెజవాడ చేరింది, కాని పథకానికి పేరిచ్చిన చాందా వైపు పట్టాలు పడలేదు. ఉత్తరానికి తిన్నని దారి కాగితం మీదే ఉండిపోయి, తెలంగాణ యాత్రికులు మరో నాలుగు దశాబ్దాలు పడమటి చుట్టుదారినే నమ్ముకున్నారు.

ఈ మధ్యలో వచ్చిన మార్గాలు చుట్టును కొంత తగ్గించినా, గేజి మారే చోట కొత్త మజిలీలను సృష్టించాయి. 1900 ప్రాంతంలో పూర్తయిన హైదరాబాద్–గోదావరి వ్యాలీ లైను నిజామాబాదు, నాందేడు, ఔరంగాబాదుల మీదుగా సూటిగా మన్మాడ్ చేరిందిగాని, అది పట్టాల మధ్య ఒక్క మీటరు ఎడం ఉండే చిన్న లైను. మన్మాడ్‌లో దిగి పెద్ద లైను బండిలోకి మారక తప్పేది కాదు. పండరిపురం వెళ్లే భక్తులు కుర్డువాడిలో దిగి, 1906లో పండరి దాకా వచ్చిన బార్సీ లైట్ రైల్వే వారి రెండున్నర అడుగుల నారోగేజి బండి ఎక్కేవారు. దక్షిణానికి చూస్తే, 1899లో బెజవాడ–మద్రాసు లైను, 1914లో పాంబన్ వంతెన వచ్చాక రామేశ్వరం దాకా రైలు దారి కుదిరింది. అయినా మద్రాసులో సెంట్రల్ స్టేషనులో దిగినవారు మీటరుగేజి బండి కోసం ఎగ్మూరు స్టేషనుకు మూటాముల్లెతో పోవలసి ఉండేది కాబట్టి, మద్రాసు చూడాలని లేనివారు కూడా మద్రాసులో ఆగారు. కాశీ గంగను రామేశ్వరంలో అభిషేకించి, సేతువు ఇసుకను ప్రయాగలో కలిపే ఆచారం పాటించినవారు ఒక్క యాత్రలోనే ఈ అవాంతరాలలో చాలావాటిని దాటి ఉంటారు.

1920ల చివర కాజీపేట–బల్లార్షా లైను పూర్తికావడంతో నాలుగు దశాబ్దాల నాటి ఉత్తరదారి ఆలోచన వేరే రూపంలో నెరవేరింది. 1929లో మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ దేశపు ఉత్తర దక్షిణాలను ఈ మార్గం మీదుగానే కలిపింది. శంకర్‌పల్లి యాత్రికుడు ఇక పడమరకు పోనక్కరలేదు. సికింద్రాబాదు, కాజీపేట, నాగపూరు, ఇటార్సీ, జబల్పూరుల మీదుగా ప్రయాగ చేరవచ్చు. అంతకు నూరేళ్ల ముందు వీరాస్వామయ్య పల్లకీ వెళ్లిన నాగపూరు, జబల్పూరు పట్నాలనే ఈ రైలు దారి మళ్లీ ముట్టుకోవడం విశేషం. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను స్వాధీనం చేసుకొని, 1932లో రైల్వే శాఖ కిందనే ఇరవై ఏడు బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బీజాపూర్ రోడ్డు పక్క ఊళ్లకు బస్సు అలవాటయ్యే కొద్దీ, పెద్ద బండి పట్టుకోవడానికి శంకర్‌పల్లికన్నా నాంపల్లి, సికింద్రాబాదులే అనువుగా మారాయి.

యుద్ధకాలంలో రైళ్లు సైన్యానికి కేటాయింపు కాగా, 1942లో ప్రయాగ కుంభమేళాకు టిక్కెట్ల అమ్మకమే ఆపివేశారు. స్వాతంత్ర్యం తర్వాత నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఒకే పెట్టెలో కూర్చొని గంగాతీరం దాకా పోయే బండ్లు వచ్చాక, బలవంతపు మజిలీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. దిగి చూడాలన్న కోరిక ఉన్నవారికి మిగిలింది రైల్వే నిబంధనల పుస్తకం. దాని ప్రకారం ఒకే టిక్కెట్టు మీద దారిలో దిగి, కొన్నాళ్లు ఆగి, మళ్లీ ఎక్కడాన్ని బ్రేక్ జర్నీ అంటారు. టిక్కెట్టు దూరం 500 కిలోమీటర్లు దాటితే ఒకసారి, 1000 దాటితే రెండుసార్లు, దిగిన రోజునూ ఎక్కే రోజునూ లెక్కలోకి తీసుకోకుండా రెండేసి రోజులు ఆగవచ్చు. అయితే మొదటి ఆగుడు 500 కిలోమీటర్లు ప్రయాణించాకే ఉండాలి. కాశీకి టిక్కెట్టు కొన్న ఎంకపల్లి ప్రయాణికుడికి ఈ లెక్కన కాజీపేటలోగాని బల్లార్షాలోగాని దిగే హక్కు లేదు, నాగపూరులో ఉంది. దిగిన చోట స్టేషను మాస్టరు చేత టిక్కెట్టు మీద రాయించుకోవాలి, తర్వాతి బండికి రిజర్వేషను వేరుగా చూసుకోవాలి.

ముక్కలు ముక్కలుగా టిక్కెట్లు కొనడం కన్నా ఇలా ఒకే టిక్కెట్టు మీద ఆగుతూ పోవడం చవక. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ఛార్జీ తగ్గుతూ పోయే పద్ధతి దీనికి కారణం. బయలుదేరిన స్టేషనుకే తిరిగి వచ్చే యాత్రలకు చుట్టు ప్రయాణ టిక్కెట్టు ఉంది. మొత్తం దూరాన్ని సగం చేసి, ఆ సగానికి రెండు ఒంటిదారి ఛార్జీలు కట్టించుకొని, దారిలో ఎనిమిది చోట్ల వరకు ఆగనిస్తారు. ఎనిమిది మజిలీలంటే నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్నం చూసుకొని సికింద్రాబాదు చేరవచ్చు. ఉత్కళం మీదుగా తిరిగి వచ్చిన వీరాస్వామయ్య దారికి ఇది చాలా దగ్గర. అలాంటి యాత్రకే 2023 మార్చిలో సికింద్రాబాదు నుంచి భారత్ గౌరవ్ పేరుతో ప్రత్యేక రైలు మొదలైంది. పూరీ, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగలలో ఎప్పుడు దిగాలో, ఎక్కడ తినాలో, ఎన్నింటికి తిరిగి ఎక్కాలో అంతా నిర్వాహకులే నిర్ణయిస్తారు. భోజనం, బస కలిపి అమ్మే ఆ యాత్రకు జనాదరణ ఎక్కువ. చుట్టు ప్రయాణ టిక్కెట్టు కావలసినవారు మాత్రం దిగదలచిన స్టేషన్లను వరుసగా కాగితం మీద రాసి, రైల్వే కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు పెట్టుకోవలసి ఉంటుంది.