ఆంధ్ర నాటక చరిత్రలో చెన్నపురి విక్టోరియా హాలు

మన నాటక చరిత్రలు కర్తలను, కృతులను విపులముగా పేర్కొనును. ప్రదర్శనము జరిగిన తావులను మాత్రము ప్రాసంగికముగా స్మరించి విడుచును. నాటకము ప్రేక్షకుని యెదుటనే పరిపూర్ణమగు ప్రక్రియ. కావున రంగశాల చరిత్ర సాహిత్య చరిత్రకు బాహ్యము కాదు. చెన్నపురిలోని విక్టోరియా పబ్లిక్ హాలు ఇందుకు నిదర్శనము.

1883 డిసెంబరు 17వ తేదీన విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు ఈ భవనమునకు శంకుస్థాపన చేసెను. దీని రూపకర్త రాబర్టు చిషోలము. కట్టినవాడు నంబెరుమాళ్ శెట్టి. 1887లో జరిగిన విక్టోరియా రాణి స్వర్ణోత్సవమును పురస్కరించుకొని దీనికి ఆమె పేరు పెట్టిరి. సెంట్రల్ రైలుస్టేషనుకు చేరువనున్న ఈ యెఱ్ఱని భవనమున క్రిందను మీదను రెండు శాలలు కలవు. ఒక్కొక్కదానిలో ఆరువందలమంది కూర్చుండవచ్చును. ఇది కేవలము నాటకశాల కాదు; పురజనుల సభలకును ఉద్దిష్టమైనది. 1897లో వివేకానందస్వామి ఇచటనే ప్రసంగించెను. ఈ ఉభయ ప్రయోజనమే ప్రస్తుతాంశమునకు ముఖ్యము.

ఆనాటి విద్యావంతులలో నటవృత్తిపై గౌరవము స్వల్పము. బళ్లారిలో వకీలుగా నుండిన ధర్మవరము కృష్ణమాచార్యులు (1853–1912) 1886లో సరసవినోదినీ సభను స్థాపించి స్వీయ నాటకములను ప్రదర్శింపసాగెను. 1891లో ఆ సమాజము చెన్నపురికి వచ్చి ఈ హాలులో తెలుగు నాటకములాడెను. చూచినవారిలో పమ్మల్ సంబంధ మొదలియారు ఒకరు. ఆయన అప్పటికి విద్యార్థి. తమిళ నాటకములయెడ విముఖుడు. చదువుకొన్నవారు, వకీళ్లు వేషములు ధరించుట చూచి ఆయన మనసు మారెను. ఆ యేడే జూలై 1వ తేదీన మిత్రులతో గూడి సుగుణవిలాస సభను నెలకొల్పెను. పిమ్మట చిరకాలము ఆ సభకు ఈ హాలే నెలవయ్యెను.

సంబంధ మొదలియారును కదలించినది నాటకపాఠ మొక్కటియే కాదు. పెద్దమనుషులు కూడు సభాస్థలమున పెద్దమనుషులే నటించుట. అవే నాటకములు ఏ తాటాకుపందిటిలోనో జరిగియుండినచో ఫలిత మిట్లే యుండెడిదని చెప్పజాలము. కృష్ణమాచార్యులను ఆంధ్రనాటక పితామహుడని కీర్తించు మనము, తమిళ ఔత్సాహిక రంగస్థలమునకును ఆయన ప్రేరకుడని చెప్పికొనుట అరుదు. ముద్రిత ప్రతులను ఎంత శ్రద్ధగా చదివినను ఈ సంగతి వానియందు గోచరింపదు. ప్రకటన పత్రములు, సమాజముల లెక్కల పుస్తకములు, నటుల స్మృతులు వెదకిననే బయల్పడును. అవి శిథిలము కాకముందే ఊరూరి రంగశాలల చరిత్రను సేకరించుట పరిశోధకుల తక్షణ కర్తవ్యము.