తొలి లాడం: గుర్రపు గిట్టకు ఇనుము అలవాటైన కథ

గుర్రానికి లాడం కొట్టే పని చరిత్రను రాసినవారిలో ఎక్కువమంది దాన్ని ఇనుము చరిత్రగానే రాశారు. ఏ తవ్వకంలో ఏ శతాబ్దపు లాడం బయటపడింది, దానికి ఎన్ని రంధ్రాలున్నాయి, మేకు తల ఏ ఆకారంలో ఉంది అన్న చర్చలతో పుటలు నిండాయి గాని, ఆ ఇనుమును మొట్టమొదటిసారి కాలికి కొట్టించుకున్న పడుచు గుర్రం దాన్ని ఎలా ఓర్చుకుంది, అందుకు దాన్ని సిద్ధం చేసినవారు ఏమేం చేశారు అన్న విషయం మాత్రం వాటిలో ఒక మూల మిగిలిపోయింది. గుర్రాన్ని మచ్చిక చేసే పని తవ్వకాల్లో దొరికేది కాదు. ఆ పని చేసిన సాయీసులు, అంటే గుర్రపుశాలలో మేత, మాలిషు చూసుకునే పనివారు, తమకు తెలిసినదాన్ని రాసిపెట్టేవారూ కారు. అయినా అక్కడక్కడా దొరికే రాతలను కలిపి చదివితే, లాడపు పనిలో వచ్చిన పెద్ద మార్పులు కొలిమి దగ్గరకన్నా గుర్రం కాలెత్తి పట్టుకున్న మనిషి దగ్గరే ఎక్కువగా జరిగాయని అనిపిస్తుంది.

ఆ మార్పులు అర్థం కావాలంటే ముందు గిట్ట నిర్మాణం కొంత తెలియాలి. గిట్ట పైపెంకు మనిషి గోరులాగే కెరటిన్ అనే పదార్థంతో ఏర్పడి, నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్ల దాకా పైనుంచి కిందికి పెరుగుతుంది; దానికి నొప్పి తెలియదు కాబట్టే అందులోకి మేకు దింపడం సాధ్యమవుతున్నది. అయితే ఆ పెంకు మందం ముందువైపున ఒక సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండి, మడమ వైపు పోయేకొద్దీ పలచబడుతుంది. దాని లోపల రక్తనాళాలూ నరాలూ నిండిన సజీవ కణజాలం ఉంటుంది. మేకు ఒక గింజ వాసి లోపలికి పోతే గుర్రం అప్పటికప్పుడు కాలు లాక్కుంటుంది. లోపలికి పోకపోయినా మరీ దగ్గరగా దిగితే, ఒకటి రెండు రోజుల తరువాత ఆ ఒత్తిడికి కుంటడం మొదలుపెడుతుంది. అంతేగాక గుర్రం బరువు మోపినప్పుడల్లా గిట్ట వెనుక భాగం కొద్దిగా విచ్చుకుని, కాలెత్తగానే మళ్లీ దగ్గరకు వస్తుంది. గిట్ట అడుగున మూడు మూలలుగా, రబ్బరు వంటి మెత్తదనంతో ఉండే భాగం కూడా నేలను తాకుతూ అదురును తగ్గిస్తుంది. కదలని ఇనుప కమ్మీని ఇటువంటి కదిలే అవయవానికి బిగించడమే లాడం కొట్టడంలోని చిక్కంతా.

ప్రాచీన గ్రీకులకు మేకులతో బిగించే లాడం తెలియదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అశ్వపోషణ గురించి గ్రంథం రాసిన జెనొఫోన్, గుర్రపుశాల ముంగిట పిడికెడంత గుండ్రని రాళ్లను నాలుగైదు బండ్ల మేర పరిపించి, గుర్రం రోజూ వాటి మీద నిలబడేలా చేస్తే గిట్టలు గట్టిపడతాయని సలహా ఇచ్చాడు. పిల్ల గుర్రాన్ని మనిషి చేయి ఎక్కడ తగిలినా బెదరకుండా నిమిరి అలవాటు చేయాలని కూడా ఆయన రాశాడు. లాడమే లేని కాలంలో రాసిన ఆ మాటలు, రెండు వేల ఏళ్ల తరువాత లాడపు పనివారు మళ్లీ నేర్చుకోవలసి వచ్చిన పాఠాలే కావడం గమనించదగినది. రోమనులు గాయపడిన కాళ్లకో, జారే దారులకో ఇనుప చెప్పుల వంటివాటిని తోలుపట్టీలతో కట్టేవారు. మేకులతో దిగగొట్టిన లాడం ఐరోపాలో 9, 10 శతాబ్దాల నుంచి వాడుకలోకి వచ్చి, తరువాతి రెండు మూడు శతాబ్దాలలో సర్వసాధారణమైంది. లండన్‌లో ఈ వృత్తివారి సంఘం మూలాలు 1356 దాకా పోతాయి.

అయితే మధ్యయుగపు లాడపు కొట్టంలో పడుచు గుర్రానికి జరిగిన స్వాగతం ఏమంత సౌమ్యమైనది కాదు. మొండికేసిన గుర్రాన్ని నాలుగు గట్టి స్తంభాల చట్రంలో నిలబెట్టి, పొట్ట కింద పట్టీలు బిగించి, కాలును ఒక గుంజకు కట్టి పని ముగించేవారు. చట్రం లేనిచోట పై పెదవికి తాటి ముడి వేసి కర్రతో మెలితిప్పేవారు. ఆ నొప్పికి గుర్రం నిలబడుతుందన్నది నిజమే. అది ఆ రోజుకు మాత్రమే పనికొచ్చే ఉపాయమనీ, అలా మొదటి లాడం వేయించుకున్న గుర్రం రెండోసారి కొలిమి వాసన తగలగానే పదింతలు బెదురుతుందనీ ఆ పనివారికి తెలియకపోలేదు. కాని లాడానికింత అని కూలి తీసుకునే కమ్మరికి రోజుకు ఎన్ని కాళ్లు పూర్తయ్యాయన్నదే లెక్క. గుర్రానికి ఓర్పు నేర్పడానికి ఎవరూ కూలి ఇవ్వలేదు.

18వ శతాబ్దపు నడిమికాలంలో గిట్టను శాస్త్రదృష్టితో చూడడం మొదలైంది. 1750ల దశకంలో ఫ్రాన్సులో ఎతియెన్ గియోమ్ లాఫోస్, గిట్ట అడుగును అతిగా చెక్కవద్దనీ, మడమ దాకా సాగని పొట్టి లాడాలు వేసి అడుగునున్న మెత్తని భాగాన్ని నేలకు తగలనివ్వాలనీ వాదించాడు. 1762లో లియోన్ నగరంలో క్లోద్ బూర్జెలా నడిపిన పశువైద్య పాఠశాల, 1791లో లండన్‌లో పశువైద్య కళాశాల ఏర్పడ్డాయి. ఈ రెండో కళాశాలలో చదివిన బ్రేసీ క్లార్క్ అనే వైద్యుడు చేసిన పని తొలి లాడం చరిత్రలో అన్నిటికన్నా విలువైనది. అతడు అప్పటిదాకా ఇనుము ఎరుగని ఒక పడుచు ఆడగుర్రపు గిట్టకు అచ్చు తీయించి, ఆ తరువాత దానికి మామూలు పద్ధతిలో లాడాలు వేయిస్తూ, ఏడాదికొకసారి అదే గిట్టకు మళ్లీ అచ్చులు తీయించాడు. ఆ అచ్చులను వరుసగా పెట్టి చూస్తే, మొదట ఇంచుమించు గుండ్రంగా, వెనుక విశాలంగా ఉన్న గిట్ట ఏటేటా మడమల దగ్గర సన్నబడి, దగ్గరకు నొక్కుకుపోవడం ఎవరికైనా కనిపిస్తుంది. 1809లో ఈ పరిశీలనలను ప్రచురించిన క్లార్క్, తప్పంతా కదలని ఇనుముదేనని తేల్చి, ముందు భాగంలో కీలు అమర్చిన, గిట్టతోపాటు విచ్చుకునే లాడాన్ని రూపొందించాడు. ఆ కీలు లాడం వాడుకలో నిలవలేదు. మడమలు ముడుచుకుపోవడానికి లాడమొక్కటే కారణమన్న అతని పట్టుదలను తరువాతివారు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా గిట్ట వెనుక భాగం కదులుతుందన్న అతని మాట నిలిచింది. లాడపు మేకులను గిట్ట అత్యంత వెడల్పైన చోటికి వెనుకగా దింపకూడదన్న నియమం, ముఖ్యంగా తొలి లాడం విషయంలో, ఆ అవగాహన నుంచే బలపడింది. ఇంగ్లండులోని ఎక్సెటర్ ప్రాంతానికి చెందిన విలియం మైల్స్ ఇంకొంచెం ముందుకు పోయి, మొదట ఐదు మేకులతోనూ, ఆపైన మూడే మేకులతోనూ తన గుర్రాల లాడాలు నిలుస్తాయని 1840ల దశకంలో చూపించాడు.

గిట్టను గురించి ఇంత చర్చ జరుగుతూ ఉండగా గుర్రం మనసును గురించి మాట్లాడినవాడు వైద్యుడు కాడు, ఆస్ట్రియా అశ్వదళంలోని కాన్‌స్టాంటిన్ బలాసా అనే అధికారి. బలప్రయోగం లేకుండా లాడం కొట్టడం మీద అతడు 1828లో ఒక చిన్న పుస్తకం వెలువరించాడు. అతని పద్ధతిలో లాడం చివరన వస్తుంది. ముక్కు మీదుగా వచ్చే దళసరి తలకట్టుతో గుర్రాన్ని పట్టుకున్న మనిషి ముందుగా దాని ఎదుట నిలబడి, కళ్లలోకి నిలకడగా చూస్తూ, నుదుటినీ కనురెప్పలనూ మెల్లగా నిమురుతాడు. బెదురు తగ్గిన తరువాత చేయి మెడ మీదికి, భుజం మీదికి, అక్కడి నుంచి కాలి వెంబడి కిందికి జారుతుంది. కాలు ఒక్క క్షణం ఎత్తి వెంటనే దించుతారు. గుర్రం లాక్కోకముందే దించడంలోనే ఆ పాఠమంతా ఉంది, ఎందుకంటే లాక్కుంటే కాలు వదులుతారని తెలిసిన గుర్రం మళ్లీ మళ్లీ లాక్కుంటుంది. ఎత్తి ఉంచే వ్యవధిని కొంచెం కొంచెం పెంచి, గిట్ట అడుగున మొదట అరచేత్తో, తరువాత సుత్తితో మెల్లగా తడుతూ, ఆ చప్పుడుకూ అదురుకూ అలవాటు చేసిన మీదటనే కమ్మరి దగ్గరికి తీసుకుపోతారు. చూపులోని శక్తి మీద బలాసా ఉంచిన నమ్మకం ఈనాటి పాఠకునికి కొంత అతిగానే తోస్తుంది గాని, మిగిలిన వరుసలో తప్పుపట్టవలసింది దాదాపు ఏమీ లేదు. ఆ తరువాత ముప్పయ్యేళ్లకు అమెరికా నుంచి వచ్చి విక్టోరియా రాణి ఎదుట గుర్రాలను లొంగదీసి పేరు తెచ్చుకున్న జాన్ రేరీ, ముందుకాలిని మడిచి పట్టీతో బిగించే పద్ధతితో జనాన్ని అబ్బురపరిచాడు. లాడపు కొట్టానికి మాత్రం బలాసా నిదానమే ఎక్కువ అక్కరకు వచ్చింది.

ఈ జ్ఞానమంతా కలిసి తొలి లాడానికి ఒక క్రమం ఏర్పడింది. మొదటిసారి ముందుకాళ్లకే, అదీ తేలికపాటి లాడాలు వేస్తారు. గుర్రం బరువులో ఎక్కువ పాలు ముందుకాళ్ల మీదనే పడుతుంది, పైగా వెనుకకాళ్లు పట్టుకోవడం మరింత చిక్కు. వీలైతే పక్కన ఇదివరకే లాడాలకు అలవాటుపడిన ఒక నిదానపు గుర్రాన్ని నిలబెడతారు. ఎర్రగా కాల్చిన లాడాన్ని గిట్టకు ఆనించి అతుకు సరిచూసే పద్ధతిలో లేచే పొగ, కొమ్ము కాలినట్టి ఘాటు వాసన పడుచు గుర్రాన్ని హడలెత్తిస్తాయి కాబట్టి, తొలిసారికి చల్లని ఇనుమునే వాడడం మేలని భావించేవారున్నారు. మేకు కొస గిట్ట గోడలోంచి బయటికి రాగానే దాన్ని తుంచేస్తారు, లేదా ఒంచేస్తారు; గుర్రం ఒక్కసారిగా కాలు లాక్కుంటే ఆ మొన పట్టుకున్నవాని తొడను చీల్చేయగలదు. తరువాత మేకు కొసలను పటకారుతో మడిచి, ఆకురాయితో నునుపు చేసి వదిలినప్పుడు గుర్రం మొదటి అడుగులు వింతగా వేస్తుంది: కాలు అవసరానికి మించి ఎత్తుతుంది, ముందు అంచు నేలకు తట్టి తూలుతుంది, ఒక కాలి ఇనుము రెండో కాలి లోపలివైపు తగిలి గాయమూ కావచ్చు. కాలి చివర చేరిన ఆ కొన్ని వందల గ్రాముల బరువుకు నడక సర్దుకునే దాకా, కొద్ది రోజులపాటు మెత్తని నేల మీద నడిపిస్తూ, రాతిబాటకూ పరుగుకూ దూరంగా ఉంచుతారు. గిట్ట పెరుగుతూనే ఉంటుంది గనుక ఆరు వారాలకు అటూ ఇటూగా లాడం ఊడదీసి, గిట్టను చెక్కి మళ్లీ వేయాలి. తొలి లాడం బాగా జరిగిందా లేదా అన్నది నిజానికి ఆ రెండోసారి తెలుస్తుంది.

భారతదేశంలో ఈ కథ మరో దారిన నడిచింది. 13వ శతాబ్దం చివర పాండ్య తీరాన్ని చూసిన మార్కో పోలో, అరబ్బు, పారశీక రేవుల నుంచి వేలాది గుర్రాలు దిగుమతి అవుతున్నా అవి ఏడాది తిరగకముందే చచ్చిపోతున్నాయనీ, కొత్త గుర్రాలు అమ్ముడుపోవాలన్న ఆశతో వర్తకులు గుర్రపు వైద్యం, లాడం తెలిసినవారిని ఇక్కడికి రానివ్వడం లేదనీ రాశాడు. వర్తకుల కుట్ర మాట ఎంత నిజమో గాని, గుర్రం వచ్చినంత తేలికగా గుర్రాన్ని సాకే విద్య రాలేదన్న మాట దక్షిణాపథపు రాజ్యాలకు బాగానే వర్తిస్తుంది. విజయనగర రాజులు ఆర్మజ్ గుర్రాల కోసం పోర్చుగీసువారికి ధారపోసిన ధనం అందుకు సాక్ష్యం. మొగలుల కాలానికి నాల్‌బందు, అంటే లాడాలు కొట్టే పనివాడు, దర్బారు కొలువులో భాగమయ్యాడు. అక్బరు గుర్రపుశాలలో ఏడాదికి రెండుసార్లు లాడాలు వేసేవారనీ, నాలుగు కాళ్ల జతకు ఇచ్చే 8 దాములను, అంటే రాగి నాణేలను, తరువాత 10కి పెంచారనీ ఆ దర్బారు చరిత్రకారుడు అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీలో నమోదు చేశాడు. ఆరు నెలలు ఒకే లాడం గిట్ట పెరుగుదలకు చాలా దీర్ఘమైన గడువు కాబట్టి, ఆ లెక్క కొత్త ఇనుముకు సంబంధించినదై, మధ్యలో పాతవాటినే తీసి మళ్లీ వేసి ఉంటారని ఊహించడం సబబు.

ఆంగ్ల కమ్మరి గుర్రపు కాలును తన మోకాళ్ల మధ్యనే ఇరికించుకుని పని చేయగా, ఇక్కడ చాలాచోట్ల సాయీసు కాలెత్తి పట్టుకుంటే నాల్‌బందు చల్లని ఇనుమునే గిట్టకు తగినట్టు సాగగొట్టి బిగించేవాడు. ఐరోపావారు దీన్ని మొరటు పనిగా చూశారు. గిట్టను ఇనుముకు తగ్గట్టు చెక్కేస్తున్నారన్న ఫిర్యాదులో న్యాయమూ ఉంది. కాని రోజూ మేత పెట్టే చేయే కాలు పట్టుకోవడమూ, పొగ లేకపోవడమూ తొలి లాడం వేయించుకునే గుర్రానికి ఎంత ఊరటో వారు పట్టించుకోలేదు. ఈ రెండు లోకాలను కలపగల అర్హత ఉన్నవాడు విలియం మూర్‌క్రాఫ్ట్. లియోన్‌లో పశువైద్యం చదివి, లాడాలను యంత్రంతో తయారు చేయబోయి చేతులు కాల్చుకుని, 1800లో లాడపు పద్ధతుల మీద పుస్తకం ప్రచురించిన ఈయన 1808లో ఈస్టిండియా కంపెనీ అశ్వక్షేత్రాన్ని చూసుకోవడానికి బీహారులోని పూసాకు వచ్చాడు. మేలుజాతి గుర్రాల వేటలో హిమాలయాలు దాటి, 1825లో మధ్యాసియా దారిలో మరణించాడు. నాల్‌బందులకూ సైన్యంలో దేశీ పశువైద్యులైన సలూత్రీలకూ క్రమమైన బడి చదువు అందడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది: 1877లో బాబూగఢ్‌లోనూ, 1882లో లాహోరులోనూ, 1903లో తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలోనూ పశువైద్య విద్యాలయాలు వెలిశాయి.

తెలుగునాట లాడమనగానే గుర్రంకన్నా ముందు ఎద్దే గుర్తుకు వస్తుంది. చీలిన గిట్ట గల ఎద్దుకు కాలికి రెండేసి చొప్పున ఎనిమిది పలుచని రేకులు కావాలి. మూడు కాళ్ల మీద నిలకడగా నిలబడడం దానికి కష్టం కాబట్టి, తాళ్లతో పడదోసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి లాడాలు కొడతారు. తొలి లాడానికైనా పదో లాడానికైనా అదే పద్ధతి గనుక, ఎద్దు విషయంలో అలవాటు చేయడమన్న విద్య పెరగవలసిన అవసరమే కలగలేదు. జట్కాబండ్ల రోజుల్లో ఒకే పనివాడు ఎద్దుకూ గుర్రానికీ లాడాలు కొట్టిన చోట, నేర్పు గల పనివాడు రెండింటికీ రెండు రకాలుగా మెలగవలసి వచ్చింది. జట్కాలు పోయాక ఆ గిరాకీ పోలీసు అశ్వదళాలకూ పందెపు గుర్రాల శాలలకూ పరిమితమైంది; హైదరాబాదులోని గోషామహల్, మలక్‌పేట అటువంటి చోట్లే. పందెపు గుర్రాలకు ఇప్పుడు ఇనుముకు బదులు తేలికైన అల్యూమినియం పట్టీలు వేస్తున్నారు. గిట్ట గోడ పాడై మేకు పట్టని గుర్రాలకు జిగురుతో అతికించే లాడాలూ వచ్చాయి. వాటికి మేకుతో పని లేకపోయినా, జిగురు గట్టిపడేదాకా కాలు కదపకుండా ఉండడం గుర్రానికి ముందుగా నేర్పవలసిందే.